బ్యాటరీ బండి మీద నమ్మకం

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, రోజుల తేడాతో విజయవాడలో, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని మురిసిన ఇళ్లలో భయం చొరబడింది. కేంద్రం బ్యాటరీ బండ్లకు వర్తించే ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, ఆ డిసెంబరు నుంచి దశలవారీగా అమలుచేసింది.

అయినా కొనేటప్పుడు చాలామంది ముందు బండి పేరే చూస్తారు. బజాజ్ చేతక్ అనగానే నాన్న నడిపిన బండి గుర్తొస్తుంది. 2020లో బజాజ్ అదే పేరుతో బ్యాటరీ స్కూటర్ అమ్మకానికి తెచ్చింది. పాత పేరు ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు? మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా? విడిభాగాలు ఎన్నాళ్లకు దొరుకుతాయి? నిలదీసి అడగండి.

కొన్నాక కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చాకే ఛార్జింగ్ పెట్టండి, పడకగదిలో మాత్రం వద్దు.