నాణెమునకు జామీను ఎవరు?

(మోర్తాడ్ పఠనాలయమున గావించిన ప్రసంగము)



మన మోర్తాడ్ రైతు పసుపును నిజామాబాదు గంజికిఁ గొనిపోయి, తూకము వేయించి, తక్‌పట్టీ చేతఁ బుచ్చుకొని యింటికి వచ్చును. ఆ చిన్న కాగితమును నమ్ముట కేమి కారణము? దానిపై అడ్తిదారు పేరున్నది. సొమ్ము రానిచో అడుగుటకు మార్కెటు కమిటీ యున్నది. నమ్మకమునకు జామీను కలదు. నాణెమునకును ఇదియే న్యాయము.

ఈ సంగతి మన పెద్ద లెఱిఁగినదే. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లెడిది. మొదటి ప్రపంచ సంగ్రామకాలమున వెండి కఱవై, 1918లో ఆ ప్రభుత్వము కాగితపు నోట్లను సయితము వెలువరించెను. 1950లో భారత రూపాయి వచ్చినపుడు 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలని లెక్క కట్టిరి. హాలీ పూర్తిగా రద్దయినది 1959లో. రాజ్యము పోయినను రైతు మూటలోని నాణెము ఒక్కనాఁటితో చెల్లనికాసు కాలేదు. దాని బాధ్యతను స్వీకరించిన ప్రభుత్వ మొకటి నిలిచెను.

నేఁడు బిట్‌కాయిన్ మొదలగు నాణెములు వచ్చినవి. వీని లెక్క యే షావుకారు పెట్టెలోను లేదు. వేలకొలఁది కంప్యూటర్లలో ఒకే చిట్టా, పుటకుఁ బుట గొలుసువలె ముడివడి యుండును. దీనినే బ్లాక్‌చెయిన్ అందురు. ఒకచోటఁ బుటను దిద్దినచోఁ దక్కినవి తప్పును బట్టియిచ్చును. ఉపాయము మెచ్చఁదగినదే. కాని లెక్క తప్పకుండుట వేఱు, విలువ నిలుచుట వేఱు. ధర పడిపోయిననాఁడు ఎవరి గడప త్రొక్కవలెను?

మన దేశ మేమి చేసినది? ఈ వ్యాపారమునకు బ్యాంకులు సేవ చేయరాదని 2018లో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. చట్టము నిషేధింపని వ్యాపారమునకు ఇది మితిమీఱిన చర్య యని 2020లో సుప్రీముకోర్టు దానిని కొట్టివైచెను. 2022లో లాభముపై నూటికి 30 వంతుల పన్ను వచ్చెను. ఒక నాణెమునందలి నష్టమును వేఱొక నాణెపు లాభమునుండి తగ్గించుకొన వీలులేదు. 2023లో అక్రమ ధన నిరోధక చట్టము ఈ వ్యాపారులకును వర్తించెను. ఈ నడుమ, 2022 డిసెంబరు 1న, రిజర్వు బ్యాంకు తన డిజిటల్ రూపాయిని సామాన్యజనులలోఁ బరీక్షింప నారంభించెను. దానికి జామీను ఆ బ్యాంకే.

పన్ను గొనువాఁడు రక్షణ నీయవలదా? గల్ఫు ఎండలలో మన పిల్లలు కూడఁబెట్టిన సొమ్ము, రెట్టింపగునను ఆశచేఁ బరుల పాలు కారాదు. వ్యాపారసంస్థ మూతపడినచోఁ గొన్నవాని సొమ్మునకు ఎవరు పూచీ? దీనికి స్పష్టమైన శాసనము కావలెను. నిషేధమును వలదు, ఉపేక్షయు వలదు. అందాఁక, తక్‌పట్టీ లేనిచోట పసుపు దింపని మన రైతు, జామీను లేని నాణెమున తన కష్టార్జితమును దింపకుండుఁగాక!