బాటకు ఇవ్వవలసిన హక్కు

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన భూమిని మన కొరకు పరిచాడు, అందులో మనం నడిచేందుకు దారులు ఏర్పరచాడు. ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు హితవు చెబుతున్నాము. తఖ్వా అనేది జానమాజు మీద మొదలై జానమాజు మీదనే ముగిసేది కాదు. సలాము చెప్పి లేచి, గడప దాటి, చెప్పులు తొడుక్కొని రోడ్డు మీద అడుగుపెట్టినప్పుడు కూడా అది మన వెంట రావాలి. ఈ జుమా ప్రసంగ విషయం ఆ రోడ్డే.

గత నెలలో ఒక జుమా నాడు జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మన మస్జిదు ముందున్న కాలిబాట నిండా మన బండ్లే నిలిచి ఉన్నాయి. తలపై కూరగాయల గంపతో వస్తున్న ఒక వృద్ధురాలు, నడిచేందుకు చోటు లేక రోడ్డు మీదికి దిగారు. వెనుక నుంచి వచ్చిన ఆటో తగిలి పడిపోయారు. చేయి విరిగింది. అల్లాహ్ దయవల్ల ప్రాణాపాయం తప్పింది. మేము ఆసుపత్రికి వెళ్ళి పరామర్శించాము. ఆమె ఎవరినీ నిందించలేదు. "శుక్రారం గద సాబ్, మీ నమాజ్ దినం. జాగ లేకపోతె కిందికి దిగిన" అన్నారు, అంతే. ఆ మాట మాకు నిందకన్నా బరువుగా తోచింది. ఆటో వేగంగా వచ్చిందని మనం చెప్పుకోవచ్చు. కాని ఆమెను రోడ్డు మీదికి దింపింది ఆటో కాదు, సోదరులారా. మనం.

సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో ఉన్న ఒక ఉల్లేఖనం తాత్పర్యం వినండి. దైవప్రవక్త (సఅసం) తమ సహచరులను దారులలో కూర్చోవద్దని వారించారు. తాము కూడి మాట్లాడుకోవడానికి మరో చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే బాటకు దాని హక్కు ఇవ్వండని ఆయన ఆదేశించారు. ఆ హక్కు ఏమిటని అడిగితే వివరించారు: చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకుండా ఉండటం, సలాముకు బదులు చెప్పడం, మంచిని ఆదేశించి చెడును వారించడం. బాటకు హక్కు ఉందని చెప్పిన ధర్మం మనది. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడాన్ని ఆయన విశ్వాసపు శాఖలలో ఒకటిగా లెక్కించారు. దారికి అడ్డంగా ఉన్న ముళ్ళకొమ్మను తీసివేసిన ఒక వ్యక్తిని అల్లాహ్ ఆ ఒక్క పనికే క్షమించాడని తెలియజేశారు. ముళ్ళకొమ్మ తీసినవానికి క్షమాపణ లభిస్తే, దాన్ని తెచ్చి అడ్డంగా వేసినవాని సంగతి ఏమిటి? మన బండి ఆ ముళ్ళకొమ్మ కాదని ఏ నోటితో అనగలం?

అంధుడైన సహాబీ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వృత్తాంతం కూడా మీకు తెలిసిందే. తనను చేయి పట్టి తీసుకొచ్చేవారు లేరని, ఇంటి వద్దనే నమాజు చేసుకునే సౌలభ్యం కావాలని ఆయన కోరారు. అజాన్ వినిపిస్తుందా అని దైవప్రవక్త (సఅసం) అడిగారు. వినిపిస్తుందని ఆయన చెప్పగా, అయితే ఆ పిలుపును అందుకోమన్నారు. ఈ ఉల్లేఖనం వినగానే మనం జమాఅత్ ప్రాధాన్యాన్ని గుర్తు చేసుకుంటాము. అది సబబే. కాని ఈ రోజు మన పేటలో ఒక అంధుడు ఆ పిలుపును అందుకొని బయలుదేరితే, చేతికర్రతో మస్జిదు వరకు రాగలడా? మైకులో రమ్మని పిలిచేదీ మనమే, కింద దారి మూసేదీ మనమేనా?

సోదరులారా! మేము మదరసాలో చదువుకున్న హిదాయా గ్రంథంలో దీనిపై ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో, పరమపదించిన ఇమామ్ మర్గీనానీ దాన్ని రచించారు. అందరూ నడిచే బాటలోకి ఎవరైనా నీటి తూమునో, అరుగునో, మరో కట్టడాన్నో ముందుకు తెస్తే, దాన్ని తొలగించమని అడిగే హక్కు సామాన్యులలో ప్రతి ఒక్కరికీ ఉంది. కట్టినవాడు ఎవరికీ హాని కలగనంత కాలమే దాన్ని వాడుకోవచ్చు. అది మీద పడి ఎవరైనా మరణిస్తే, రక్తపరిహారం భారం కట్టినవాని పక్షం మీద పడుతుంది. ఆ అభ్యంతరం చెప్పే హక్కు ముస్లిమేతరునికి కూడా ఉందని తరువాతి హనఫీ ఫకీహులు స్పష్టం చేశారు. అంటే ఆ వృద్ధురాలు మన దగ్గరకు వచ్చి, ఈ బండ్లు తీయండని గట్టిగా అడిగి ఉంటే, అది మన షరీఅత్ ఆమెకు ఇచ్చిన హక్కే అయ్యేది. ఆమె అడగలేదు. కనుక మనమే మనల్ని అడుగుకోవాలి.

ఇక మన ఊరి సంగతి. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరు మీద త్రిభువనగిరిగా వెలసి, భువనగిరిగా నిలిచిన ఊరు ఇది. ఏకశిల గుట్ట మీద కోట, దాని పాదాన పేటలు, బజారు. ఈ బజారు మోటారు బండి కొలతతో పుట్టినది కాదు, మనిషి అడుగు కొలతతో పుట్టినది. సామాను కొనడం, పిల్లవాణ్ణి బడిలో దింపడం, బంధువును పలకరించడం, నమాజుకు అందడం అన్నీ కాలినడకన జరిగిపోయేవి. నేడు హైదరాబాదు మన వైపు పెరుగుతూ వస్తోంది. 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోకి మన మండలం వచ్చింది. 2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడి, కలెక్టరు కార్యాలయం మన ఊరికి వచ్చింది. పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ వెలిసింది. గుట్ట యాత్రికుల రాకపోకలు పెరిగాయి. ఊరు పెరగడం అల్లాహ్ అనుగ్రహమే. కాని ఊరు పెరిగేకొద్దీ నడిచేవానికి చోటు తరుగుతూ పోవడం ఆయన అనుగ్రహం కాదు, మన చేతులు చేసుకున్న పని.

ఇది చిన్న విషయమని ఎవరూ భావించకండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో 32,825 మంది పాదచారులు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ వాహనమూ ఎక్కనివారు. ఒక్క ప్రాణాన్ని కాపాడటం మానవాళినంతటినీ కాపాడటంతో సమానమని మాయిదా సూరాలో చదువుకునే మనకు ఈ అంకె నిద్ర పట్టనివ్వకూడదు.

పట్టణ ప్రణాళిక మస్జిదులో మాట్లాడే విషయమా అని ఒక సోదరుడు మమ్మల్ని అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 17లో, కూఫా నగరాన్ని ఎలా నిర్మించారో చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. మొట్టమొదట మస్జిదు స్థలాన్ని గుర్తించారు. ఒక బలమైన విలుకాడు అక్కడ నిలబడి నలుదిక్కులా బాణాలు వేశాడు. అవి పడిన చోటు దాటిన తరువాతనే ఇళ్ళు కట్టుకోనిచ్చారు. నడుమ స్థలం జనం కోసం విడిచిపెట్టారు. పెద్ద బాటలకు 40 మూరలు, వాటి తరువాతి వాటికి 30, ఆపై 20, సందులకు 7 మూరలు. అంతకు తగ్గడానికి వీలు లేదు. దారి విషయంలో వివాదం వస్తే 7 మూరలు విడవమని దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన తీర్పు ఆ చివరి కొలతకు సరిపోతున్నది. ఇళ్ళకు ముందు బాటను కొలిచిన సముదాయం మనది. ఇళ్ళు కట్టుకొని, మెట్లు వేసుకొని, బండ్లు నిలుపుకొని, మిగిలినదాన్ని బాట అనుకునే సముదాయంగా ఎప్పుడు మారామో ఆలోచించండి.

ఈ మాటలు చెప్పి, మా కొరకు, మీ కొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ క్షమాపణ వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. దైవప్రవక్త (సఅసం) పై దరూద్, సలాం.

సోదరులారా! ఇప్పుడు చేయవలసిన పనులు చెప్పుకుందాం. మొదటిది మన మస్జిదు మెట్లు. మన సరిహద్దు గోడ ఎక్కడ ముగుస్తుందో కాగితాలలో ఉంది. గోడకు బయట ఉన్న మూడు మెట్లు తరువాత వేసినవి. అవి కాలిబాటలో సగాన్ని ఆక్రమించాయి. వక్ఫ్ భూమిలో జానెడు కూడా వదులుకునే అధికారం మనకెవరికీ లేదు. కాని ఈ మెట్లు వక్ఫ్ భూమిలో లేవు, జనం బాటలో ఉన్నాయి. ఒక పెద్దాయన మాతో, "వీధిలో ప్రతి దుకాణానికీ ఇలాంటి మెట్లే ఉన్నాయి, మనమే ముందు ఎందుకు తీయాలి?" అన్నారు. వారి వయసును గౌరవిస్తూ మేము చెప్పిన జవాబు ఒక్కటే: వీధిలో అందరికన్నా ముందు సాష్టాంగపడేవారమని చెప్పుకునేది మనమే కదా! కమిటీ సమ్మతించింది. మెట్లను లోపలికి మార్చి, చక్రాల కుర్చీ వచ్చేలా ఏటవాలు దారి కూడా లోపలనే కట్టడానికి ఈ రోజు నుంచే చందా తీసుకుంటున్నాము.

రెండవది జుమా నాటి బండ్లు. వచ్చే వారం నుంచి కాలిబాట మీద ఒక్క బండి కూడా ఉండరాదు. దగ్గరివారు నడిచి రండి. దూరం నుంచి వచ్చేవారు కమిటీ చూపిన ఖాళీ స్థలంలో బండి నిలిపి, అక్కడి నుంచి నడవండి. బనూ సలమా తెగవారు మస్జిదుకు దూరంగా ఉన్న తమ ఇళ్ళను వదిలి దగ్గరకు రావాలనుకున్నప్పుడు, అక్కడే ఉండమని, వారి అడుగులు లిఖించబడుతున్నాయని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. బండిని గుమ్మం ముందు వరకు తెచ్చుకొని ఆ అడుగుల పుణ్యాన్ని చేజార్చుకోకండి. మన యువకులలో కొందరు ప్రతి జుమాకు ముందు బాట దగ్గర నిలబడి, నడిచేవారికి దారి చూపుతారు.

మూడవది మన వ్యాపార సోదరులకు. దుకాణం ముందు సరుకు పరచడం, బోర్డు నిలపడం, రేకు దించడం ఆపండి. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాటపై అడ్డం లేకుండా నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఒక టేపు తీసుకొని మీ దుకాణం ముందు మీరే కొలవండి. నడిచే చోటు మిగిల్చితే గిరాకీ తగ్గుతుందని భయపడకండి. బండి మీద దూసుకుపోయేవాడు మీ సరుకును చూడడు, నడిచేవాడే ఆగి చూస్తాడు. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్, బాట అంచు కాదు.

కాని ఒక హెచ్చరిక. బాట ఖాళీ చేయాలనే పేరుతో తోపుడు బండ్లవారిపై, గంపలవారిపై ఎవరూ విరుచుకుపడకండి. మన మెట్లను, మన బండ్లను అలాగే ఉంచి పేదవాని గంపను తీయించడం న్యాయం కాదు, జులుం. వీధి విక్రేతలకు 2014 చట్టం ఉంది. సర్వే చేసి గుర్తింపు పత్రం ఇవ్వకుండా వారిని వెళ్ళగొట్టకూడదు. వారికి స్థలాలు నిర్ణయించే కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడవ వంతు మహిళలు ఉండాలి. ఆ రోజు పడిపోయిన తల్లి కూడా ఒక విక్రేతే. ఆమెకు నడిచే చోటూ కావాలి, కూర్చొని అమ్ముకునే చోటూ కావాలి. రెండింటినీ కలిపి ఆలోచించినదే ప్రణాళిక.

నాలుగవది మున్సిపాలిటీకి మన విన్నపం. బైపాస్ రోడ్డు ఉంది కనుక, ఊరిలో పని లేని లారీ నడిబజారు మీదుగా పోనవసరం లేదు. రైల్వే స్టేషను నుంచి బస్టాండు, బజారు మీదుగా కోట పాదం వరకు తెగిపోని కాలిబాట, వృద్ధులు దాటగలిగే దాటుచోట్లు, నీడనిచ్చే చెట్లు, మహిళలకు మరుగుదొడ్లు, విక్రేతలకు నిర్ణీత స్థలాలు కావాలని అడుగుదాం. కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. కనుక ఇది బతిమాలడం కాదు. ఈ విన్నపం మనం ఒక్కరమే ఇవ్వకుండా, ఆలయాల పెద్దలను, చర్చి పెద్దలను, వర్తక సంఘంవారిని కలిసి వారి సంతకాలతో ఇద్దాం. కాని మన మెట్లు తీసిన తరువాతనే ఇద్దాం. అంతకుముందు అడగడానికి మాకు ముఖం చెల్లదు.

చివరగా, ఆ తల్లి వైద్య ఖర్చులు మన బైతుల్‌మాల్ నుంచి చెల్లించాము. దానితో బాధ్యత తీరిందని అనుకోకండి. ఆమె మళ్ళీ గంప ఎత్తుకొని మన మస్జిదు ముందు నుంచి కాలిబాట దిగకుండా నడిచిపోయిన రోజున మన బాధ్యతలో కొంత తీరుతుంది.

ఓ అల్లాహ్! మా నడకలో వినయాన్ని ప్రసాదించు. నీ దాసులకు మా వలన బాధ కలగకుండా కాపాడు. గాయపడిన ఆ తల్లికి పూర్తి ఆరోగ్యాన్ని ఇవ్వు. ఈ ఊరిలోని పిల్లలను, వృద్ధులను, అంధులను, బాటసారులందరినీ నీ రక్షణలో ఉంచు. మా పట్టణాన్ని శాంతిగా, పొరుగువారితో సఖ్యతగా వర్ధిల్లేలా చెయ్యి. మేము ఇరుకు చేసిన దారులను విశాలం చేసే ధైర్యాన్ని ముందు మాకు ఇవ్వు. రేపు సిరాత్ వంతెనపై మా అడుగులు తడబడకుండా నిలుపు. ఆమీన్.

లేవండి, పంక్తులు సరిచేసుకోండి. నమాజు ముగిశాక బయటకు వెళ్ళేటప్పుడు, ముందుగా మీ బండిని కాలిబాట మీద నుంచి దించండి.