కొత్త యింటి నేలమాళిగలో చెమ్మ

మూడేండ్ల క్రిందట జ్యేష్ఠమాసమున హైదరాబాదులో మేము గృహప్రవేశము చేసితిమి. ఇంటి క్రింద, ఇక్కడివారు సెల్లారు అని పిలుచు నేలమాళిగలో, నా పుస్తకముల బీరువా పెట్టించితిని. శ్రావణము ముగియునప్పటికి గోడలు చెమ్మగిల్లినవి. మా తండ్రిగారు దాచియుంచిన ఉత్తరములకు, దస్తావేజులకు బూజు పట్టినది. తొందరపడి, నీటిని ఆపునన్న రంగు నొకదానిని గోడలకు లోపలివైపున పూయించితిని. మరుసటి వానలకు ఆ రంగు పొక్కులెక్కి, పెచ్చులై రాలినది. సొమ్ము పోయినది, చెమ్మ నిలిచినది. రోగమెరుగక మందు వేసిన ఫలమిది.

కొత్త యింటిలో చెమ్మకు ముఖ్యముగా మూడు దారులున్నవి. మొదటిది కట్టుబడిలోని నీరు. ఘనమీటరు కాంక్రీటులో సుమారు 150 నుండి 180 లీటర్ల వరకు నీరు కలుపుదురు. సిమెంటు తన బరువులో ఇంచుమించు నాలుగవవంతు నీటినే తనలో ఇముడ్చుకొనును. మిగిలినది ఆవిరియై పోవలసినదే. అందుకు నెలలు పట్టును. అంతలోనే గాలియాడని రంగు పూసినచో ఆ నీటిని గోడలో బంధించినట్లే.

రెండవది గాలిలోని తేమ. వానకాలపు తడిగాలి చల్లని గోడను తాకినచో, చన్నీటి చెంబుకు పట్టినట్లు గోడకు చెమట పట్టును. చెమట పట్టకున్నను బూజునకు ఆ తేమ చాలును. కనుక ముసురు రోజులలో కిటికీలు మూసి, పొడిగాలి వీచునపుడు తెరచుట మేలు.

మూడవది నేలలోని నీరు. హైదరాబాదులో పెక్కుచోట్ల రాతిని తొలిచి గొయ్యి తీసి, అందులో గోడ లేపి, గోడకును రాతికిని నడుమ మట్టి పూడ్చుదురు. రాయి నీటిని త్వరగా పీల్చదు. పూడ్చిన మట్టి వదులుగా నుండును. డాబామీది వాననీరు గోడ మొదటనే పడుచున్నచో, ఆ గొయ్యి యింటిచుట్టును బావియగును. గోడపై తెల్లని ఉప్పు పేరుకొనుట, నీరు గోడలోనుండి వెలికి వచ్చుచున్నదనుటకు గుర్తు.

ఏ దారిన వచ్చుచున్నదో తెలిసికొనుట కష్టము కాదు. రెండడుగుల పాలిథిన్ కాగితమును గోడకు నాలుగంచులు గట్టిగ అంటించి రెండు రోజులు ఉంచుడు. పైవైపున తడి పట్టినచో అది గాలిలోని తేమ. లోవైపున పట్టినచో గోడనుండి వచ్చినది. అది ఎండలకు నెలనెలకు తగ్గుచున్నచో కట్టుబడి నీరు. వాన పడినప్పుడెల్ల హెచ్చుచున్నచో నేలనీరు. వానతో నిమిత్తము లేకున్నచో సంపును అనుమానింపుడు. రాత్రి పంపులన్నియు కట్టివేసి, నీటిమట్టమునకు గీతపెట్టి, ఉదయము చూచిన చాలును.

మా యింట దోషము డాబా గొట్టముది. దాని నీటిని గోడకు దూరముగ తీసిన ఇంకుడుగుంతకు మరలించితిమి. గోడ ప్రక్కనే ఇంకుడుగుంత తీయుట చెమ్మను చేజేతుల పిలుచుటయే. స్థలమున్నంత మేర, 10 అడుగులకు 6 అంగుళముల చొప్పున, నేలను వెలుపలికి వాలు చేయించితిమి. మరుసటి వానలకు గోడ పొడిగా నిలిచినది. ఇంత చేసినను నీరు ఊరుచున్నచో ఇంజనీరును పిలిచి, గోడ వెలుపలివైపున నీరు చొరని పొర వేయించి, అడుగున కంకరతో నీటిదారి యేర్పరచుకొనవలెను. వెలుపలినుండి నెట్టుకొని వచ్చు నీటిని లోపలి రంగు ఆపజాలదు.

మరియొక హెచ్చరిక. 2020 అక్టోబరు 13, 14 తేదీల అతివృష్టికి ఈ నగరమున అనేక సెల్లారులు నీట మునిగినవి. అట్లు నీరు నిలిచినపుడు విద్యుత్తు ఆపక అందులో అడుగు పెట్టరాదు. మెయిన్ స్విచ్చి ఆ నీటిలోనే యున్నచో విద్యుచ్ఛాఖవారు వచ్చి సరఫరా ఆపువరకు ఎవ్వరును దిగరాదు. సామాను పోయిన మరల కొనవచ్చును.

కనుక గృహస్థులకు నా మనవి యొక్కటే. రంగు వేయువానిని పిలుచుటకు ముందు, మంచి వాన కురియునపుడు గొడుగు పట్టుకొని ఇంటిచుట్టు ఒకసారి తిరుగుడు. నీరు ఎక్కడ పడుచున్నదో, ఎటు పోవుచున్నదో కన్నులార చూడుడు. నేను ఆ పని ముందే చేసియున్నచో మా తండ్రిగారి ఉత్తరములు దక్కియుండెడివి.