మంచు విడిచిన నేల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చేస్తున్న పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

నేను భూవిజ్ఞాన శాస్త్రం బోధిస్తాను. క్షేత్ర అధ్యయనం కోసం విద్యార్థులను గంగోత్రి హిమానీనదం దగ్గరికి తీసుకువెళ్తుంటాను. గంగోత్రి గుడి నుంచి దాదాపు 18 కిలోమీటర్లు నడిస్తే గోముఖం వస్తుంది. అక్కడ మంచు కింద నుంచి భాగీరథి బయటికి వస్తుంది. 1935లో ఆడెన్ అనే భూవిజ్ఞాని ఆ మంచు అంచును కొలిచి పటం గీశారు. అప్పటి నుంచి అది కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. అలా బయటపడిన నేల మీదే మా పని.

ముందు రాళ్లు చూస్తాం. మన ఏటి గులకరాళ్లు నున్నగా ఉంటాయి. నీరు వాటిని జల్లెడ పట్టినట్టు సైజుల వారీగా వేరుచేస్తుంది. మంచు అలా చేయదు. ఇంటంత బండనూ పిండిలాంటి మట్టినీ ఒకే కుప్పగా పోసి పోతుంది. ఆ రాతిపిండి వల్లే భాగీరథి అక్కడ బూడిద రంగులో పారుతుంది.

తర్వాత మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం పరిచి అందులోని మొక్కలు లెక్కపెడతారు. మంచు అంచున వట్టి రాయి. దిగువకు వచ్చేకొద్దీ లైకెన్లు, నాచు, గడ్డి, పొదలు కనిపిస్తాయి. ఎంత దిగువకు వస్తే నేల బయటపడి అంత కాలమైందన్నమాట.

అయితే ఆ నేల ఇంకా కుదురుకోలేదు. ఆసరాగా ఉన్న మంచు పోవడంతో పక్క గట్లు జారుతుంటాయి. హిమాలయాల్లో చాలాచోట్ల ఇలాంటి రాళ్ల కట్టల వెనుక నీరు చేరి సరస్సులయ్యాయి. 2013 జూన్‌లో భారీ వర్షాలకు కేదారనాథ్ పైనున్న చోరాబారి సరస్సు కట్ట తెగింది. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి పక్క గట్టు విరిగిపడింది. ఆ వరద చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా ఆనకట్టను ఊడ్చేసింది.

"కొలిచి ఏం ఆపగలం మేడమ్?" అని ఒక విద్యార్థిని అడిగింది. మంచు కరగడాన్ని మా కొలతలు ఆపలేవు. కానీ ఏ గట్టు ఏటా ఎంత కదులుతోందో తెలిస్తే, దిగువ ఊళ్లను ముందే జాగ్రత్తపరచవచ్చు. ఆ తేడా తెలియాలంటే ముందు ఒకరు కొలిచి పెట్టి ఉండాలి.

అందుకే సంఘానికి ఒక మనవి. మన బడి పిల్లలు ఊరి చెరువు నీటిమట్టాన్ని ప్రతి ఏటా ఒకే తేదీన, ఒకే చోట కొలిచి రిజిస్టరులో రాయాలి. కొలబద్ద, రిజిస్టరు నేను కొనిస్తాను. శతాబ్ది ఉత్సవానికి వచ్చేవారి చేతిలో 50 ఏళ్ల లెక్క ఉంటుంది.