కాగితం ఇవ్వనోళ్లే కాగితం అడిగితే
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 వస్తే మన గూడేల గురించి, మన జీవోల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నేను చాలా దూరంలో ఉన్న ఒక నేల గురించి చెప్తాను. దాని పేరు అలాస్కా. అమెరికా దేశానికి వాయవ్య మూల, ఏడాదిలో ఎక్కువ కాలం మంచు ఉండే నేల. అక్కడ యూపిక్, ఇనుపియాక్, అల్యూట్, ట్లింగిట్, అథబాస్కన్ లాంటి ఆదివాసీ జాతులున్నాయి. 1867లో రష్యా ఆ నేలను అమెరికాకు అమ్మేసింది. అమ్మినోళ్లు గానీ, కొన్నోళ్లు గానీ అక్కడ ఉన్న మనుషుల్ని ఒక్క మాట అడగలేదు.

ఆ ముచ్చట ఇక్కడెందుకు అంటారా? అక్కడి ముసలోళ్లను యాభై ఏళ్లకు పైగా వేధించిన ప్రశ్నే ఇవాళ మన పోడు రైతును ఆఫీసు గుమ్మం దగ్గర ఆపుతోంది. "నువ్వు చెప్పేది సరే, కాగితం ఏదీ?" అనే ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి ఇది. 1942 జూన్ 3న జపాన్ విమానాలు అలాస్కాలోని డచ్ హార్బర్ మీద బాంబులు వేశాయి. నాలుగు రోజులు తిరిగేసరికి కిస్కా, అట్టు అనే రెండు దీవులు జపాన్ చేతిలోకి పోయాయి. అట్టులో ఉన్న అల్యూట్ కుటుంబాలను తర్వాత జపాన్‌కు ఖైదీలుగా పట్టుకుపోయారు. అలాస్కా నేషనల్ గార్డ్ దళాన్ని అప్పటికే కేంద్ర సైన్యంలో కలిపేశారు. వేల మైళ్ల తీరం, కాపలాకు మనుషులు లేరు. అప్పుడు గుర్తొచ్చారు ఆదివాసీలు.

గవర్నర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్, సైన్యం నుంచి మేజర్ మార్విన్ మార్స్టన్ ఊరూరూ తిరిగారు. కుక్కలు లాగే బండ్ల మీద కూడా తిరిగారు. ఆ ఊళ్ల జనం ముందుకొచ్చారు. అలా పుట్టిన దళం పేరు అలాస్కా టెరిటోరియల్ గార్డ్. 107 ఊళ్ల నుంచి 6,300 మందికి పైగా చేరారు. తెల్లవాళ్లూ ఉన్నారు గానీ ఎక్కువమంది ఆదివాసీలే. మీసాలు రాని పిల్లల దగ్గర నుంచి ఎనభైకి దగ్గరపడ్డ తాతల దాకా ఉన్నారు. ఆడవాళ్లూ తుపాకీ పట్టారు. లారా బెల్ట్స్ రైట్ అనే ఆమె గురి ఆ దళంలోనే పేరు మోసింది.

జీతం ఎంత అనుకుంటున్నారు? కొద్దిమంది అధికారులకు, సిబ్బందికి తప్ప మిగతా ఎవరికీ ఒక్క డాలరు రాలేదు. చేతికిచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం కాలం నాటి పాత రైఫిళ్లు. ఆ రైఫిళ్లతోనే తీరం కాపలా కాశారు. యుద్ధానికి కావలసిన ప్లాటినం గనికి కాపలా ఉన్నారు. మంచులో దారి తప్పిన వాళ్ల కోసం దారి పొడుగునా తిండి, సామాన్లు దాచిపెట్టారు. కూలిపోయిన విమానాల నుంచి మనుషుల్ని కాపాడారు. ఆ మంచు, ఆ సముద్రం, ఆ దారులు సైన్యం మ్యాపుల్లో కన్నా వాళ్ల తలల్లోనే బాగా ఉన్నాయి.

అదే కాలంలో ప్రభుత్వం వాళ్లను ఎట్లా చూసిందో కూడా వినండి. జపాన్ దాడి తర్వాత తొమ్మిది ఊళ్లకు చెందిన 881 మంది అల్యూట్లను "మీ రక్షణ కోసమే" అని ఓడలెక్కించి, ఎక్కడో దూరాన పాడుబడ్డ చేపల ఫ్యాక్టరీ షెడ్లలో, పాత గని క్యాంపుల్లో పడేశారు. మంచినీళ్లు సరిగా లేవు, వైద్యం లేదు. పదిమందిలో దాదాపు ఒకరు అక్కడే చనిపోయారు. నిర్వాసితులంటే ఎవరో మనకు వేరే చెప్పనక్కర్లేదు కదా.

1944లో నోమ్ అనే పట్టణంలో సినిమాహాల్లో తెల్లవాళ్లకు వేరే సీట్లు, ఆదివాసీలకు వేరే సీట్లు. ఆల్బర్టా షెంక్ అని ఒక చిన్న పిల్ల, వాళ్లమ్మ ఇనుపియాక్. ఆ పిల్ల పోయి తెల్లవాళ్ల సీట్లో కూర్చుంది. లేవమంటే లేవలేదు. పోలీసులొచ్చి లాకప్‌లో వేశారు. తీరంలో ఆమె జాతివాళ్లు జీతం లేకుండా దేశానికి కాపలా కాస్తుంటే, ఊళ్లో ఆమెకు సినిమాహాల్లో కుర్చీ లేదు. ఆ కోపం ఊరికే పోలేదు. ట్లింగిట్ నాయకురాలు ఎలిజబెత్ పెరాట్రోవిచ్ చట్టసభ ముందు నిలబడి మాట్లాడింది. 1945 ఫిబ్రవరి 16న అలాస్కాలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అమెరికా దేశం మొత్తానికి పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. ఆదివాసీలు 19 ఏళ్లు ముందున్నారు.

యుద్ధం అయిపోయింది. 1947లో ఆ దళాన్ని రద్దు చేశారు. సైన్యం నుంచి బయటికొచ్చే ప్రతి సైనికుడికి ఒక విడుదల పత్రం ఇస్తారు. డిశ్చార్జి సర్టిఫికెట్ అంటారు. మాజీ సైనికుడి ఆసుపత్రి గానీ, చనిపోతే సైనిక లాంఛనాలు గానీ, సమాధి మీద రాయి గానీ, అన్నీ ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడతాయి. వీళ్లకు ఆ కాగితం ఇవ్వలేదు. తర్వాత పోయి అడిగితే వచ్చే జవాబు ఏముంటుంది? మీరు జీతం తీసుకున్న సైనికులు కాదు, మా రికార్డులో లేరు. జీతం ఇవ్వనిది ఎవరు? రికార్డు రాయాల్సింది ఎవరు? తాము చేయని పనినే చూపించి ఎదుటివాడి హక్కును కొట్టేయడం, ఇది ఏ దేశంలో ఆఫీసుకైనా తెలిసిన విద్యే.

వాళ్లు అడుగుతూనే ఉన్నారు. 2000 సంవత్సరంలో సెనేటర్ టెడ్ స్టీవెన్స్ పట్టుబట్టి చట్టంలో ఒక సెక్షన్ పెట్టించాడు. అలాస్కా టెరిటోరియల్ గార్డ్ సేవ సైనిక సేవే, వాళ్లకు విడుదల పత్రాలు ఇవ్వాలి అని. దళం రద్దయిన 53 ఏళ్లకు! అప్పటికి ఎంతమంది మట్టిలో కలిసిపోయారో మీరే ఆలోచించండి.

చట్టం వచ్చింది కదా, పనైపోయింది అనుకుంటే పొరపాటు. అసలు పని అప్పుడే మొదలైంది. పత్రం దళం మొత్తానికి ఒకేసారి రాదు, ఎవరికి వారు రుజువు చేసుకోవాలి. రిజిస్టర్లు సగం సగం ఉన్నాయి. అందుకని కొందరు రిటైర్డు సైనికులు, ఊళ్లలోని మనుషులు కలిసి వెతకడం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి "మీ ఊళ్లో గార్డులో ఎవరెవరున్నారు? ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు?" అని అడిగి రాసుకున్నారు. బతికున్నవాళ్లు ఒకరికొకరు సాక్షులయ్యారు. చనిపోయినవాళ్ల తరఫున పిల్లలు, మనవళ్లు దరఖాస్తులు పెట్టారు.

ఇంకో దెబ్బ 2009లో తగిలింది. గార్డులో పనిచేసి, తర్వాత మామూలు సైన్యంలో కూడా చేసి పెన్షన్ తీసుకుంటున్న వృద్ధులు 26 మంది ఉన్నారు. సైన్యం లాయర్లు కూర్చుని, గార్డులో చేసిన కాలం పెన్షన్ లెక్కలోకి రాదని తేల్చారు. నడిశీతాకాలంలో, ఎనభై ఏళ్లు దాటినవాళ్ల పెన్షన్ కోత పెట్టారు. అలాస్కా అంతా గొడవైంది. చివరికి కాంగ్రెసులో, అంటే వాళ్ల పార్లమెంటులో, మళ్లీ చట్టంలో రాయించుకుంటే గానీ ఆ హక్కు నిలబడలేదు. తమ్ముళ్లారా, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి గెలిచిన హక్కును కూడా ఒక మూల కూర్చున్న ఆఫీసరు ఒక్క సంతకంతో వెనక్కి తీసుకోగలడు. కాపలా ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు భూమి సంగతికి వస్తాను, మన ప్రాణం అక్కడే ఉంది కాబట్టి. అలాస్కా ఆదివాసీలు 160 ఎకరాల దాకా సొంతానికి అడగొచ్చని 1906లో ఒక చట్టం ఉండేది. 1971 డిసెంబరులో అలాస్కా భూముల ఒప్పందం చట్టంగా వచ్చి, ఆ పాత దారిని మూసేసింది. ఆ సమయానికి చాలామంది ఆదివాసీ కుర్రాళ్లు ఎక్కడున్నారు? వియత్నాం యుద్ధ కాలం అది, సైన్యంలో ఉన్నారు. ఇంటికొచ్చి చూస్తే దరఖాస్తు తలుపు మూసి ఉంది. దేశం కోసం పోయినందుకే భూమి పోయింది. దాని మీద వాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. 1998లో ఒక చట్టం వచ్చింది, దాని షరతుల్లో చాలామంది పట్టలేదు. 2019లో ఇంకో చట్టం వచ్చి, 1964 ఆగస్టు నుంచి 1971 చివరి దాకా సైన్యంలో ఉన్నవాళ్లకు, చనిపోతే వాళ్ల వారసులకు, మళ్లీ అవకాశం ఇచ్చింది. దాని గడువు 2025 డిసెంబరు 29 అని పెట్టారు. 1971లో ఇరవై ఏళ్ల కుర్రాడు డెబ్బై దాటిన తర్వాత తన భూమికి దరఖాస్తు రాసుకున్నాడు.

మన దేశం సంగతి కూడా చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, బ్రిటిష్ వాళ్లు ఫ్రాన్సుకు ఇండియన్ లేబర్ కోర్ అనే కూలీ దళాలను పంపారు. రాంచీ, సంతాల్ పరగణాల నుంచి ముండాలు, ఒరాన్లు, సంతాలులు పోయారు. ఈశాన్యం నుంచి నాగాలు, లుషాయ్‌లు, గారోలు, ఖాసీలు పోయారు. చేతికి తుపాకీ కాదు, పార, గొడ్డలి ఇచ్చారు. రోడ్లు వేశారు, చెట్లు కొట్టారు, సరుకు దించారు. మేం రాము అన్నవాళ్లూ ఉన్నారు. మయూర్‌భంజ్ సంతాలులు, మణిపూర్ కుకీలు ఆ బలవంతపు భర్తీ మీద తిరగబడ్డారు. యుద్ధం తర్వాత సైనికుడికి వెండి పతకం ఇచ్చారు, కూలీ దళానికి అదే పతకం కంచుతో చేసి ఇచ్చారు. పతకంలో కూడా అంతరం పెట్టారు. 1971 యుద్ధంలో ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన గుమ్లా బిడ్డ ఆల్బర్ట్ ఎక్కా పేరు మనకు తెలుసు. ఫ్రాన్సులో మట్టి మోసిన మన తాతల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తుపాకీ పట్టినందుకు హక్కు రావాలని నేను అనడం లేదు. అడవి మీద మన హక్కు ఎవరి యుద్ధంలోనో చేసిన సేవకు బహుమతి కాదు. అలాస్కా తాతలు కూడా బహుమతి అడగలేదు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు. అంతే.

ఇక మన పోడు రైతు దగ్గరికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆదివాసీ సాగులో ఉన్న భూమికి హక్కు పత్రం ఇవ్వాలి. ఆ రోజు మన చేతిలో కాగితం ఎట్లా ఉంటుంది? అడవిలో మనం ఉన్నామని ఒప్పుకోని ప్రభుత్వమే కదా అప్పుడున్నది! ఆ సంగతి తెలిసే, చట్టం కింద చేసిన నియమాల్లో 13వ నియమం పెట్టారు. దావా వేసినవాడు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే, అదీ సాక్ష్యమే. గుడిసె, గట్టు, చదును చేసిన చెలక కూడా సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవర గద్దె కూడా సాక్ష్యమే. వీటిలో ఒకటి కన్నా ఎక్కువ ఉండాలి. 2012లో చేసిన సవరణ ఇంకా గట్టిగా చెప్పింది. ఫలానా రకం కాగితమే కావాలని సబ్ డివిజన్ కమిటీ గానీ, జిల్లా కమిటీ గానీ పట్టుబట్టకూడదు. అయినా "శాటిలైట్ ఫొటోలో నీ చేను కనపడలేదు పో" అని పంపేస్తుంటే, ఆ నియమం చదివి వినిపించాల్సింది మీరే. చదువుకున్న పిల్లలు మీరే కదా.

అందుకని ఈ సభ నుంచి మీకో పని ఇస్తున్నాను. మీ గూడెంలో అరవై దాటిన ప్రతి అవ్వ దగ్గర, ప్రతి తాత దగ్గర కూర్చోండి. ఎవరి చేను ఎవరిది, ఎప్పటి నుంచి, హద్దులేంటి, పక్క చేను ఎవరిది, అడగండి. తేదీ వేసి రాయండి. చదివి వినిపించి వేలిముద్ర గానీ, సంతకం గానీ పెట్టించండి. ఫోన్‌లో వాళ్ల గొంతు కూడా రికార్డు చేయండి. మన భాషలోనే చెప్పనివ్వండి. ఆ రాతలు అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి, గ్రామసభలో తీర్మానం చేయించండి. దావా తిరస్కరిస్తే నోటి మాట ఒప్పుకోవద్దు, కారణంతో సహా రాతలో అడగండి. అప్పీలుకు 60 రోజులు ఉంటుంది, ఆ రోజులు లెక్కపెట్టుకోండి. మీ ఇంట్లో సైన్యంలో, పోలీసులో, ప్రాజెక్టు పనుల్లో, ఎక్కడ పనిచేసినవాళ్లున్నా వాళ్ల సంగతి కూడా అదే నోటుబుక్కులో రాయండి.

2005లో నలభై ఏళ్ల మనిషికి ఇప్పుడు అరవై దాటింది. అప్పటికే అరవై ఉన్నవాళ్లు చాలామంది లేరు. ఏ ఇంట్లోనో ఒక అవ్వ పోయిన ప్రతిసారీ ఒక ఊరి సాక్ష్యం పోతోంది. అలాస్కాలో పత్రం వచ్చేసరికి తీసుకునే చేతులు చాలా వరకు లేవు. మన దగ్గర అట్లా జరగకూడదంటే ఆలస్యం చేయొద్దు.

రేపు ఊరికి పోగానే ఒక నోటుబుక్కు కొనండి.

జోహార్. జై ఆదివాసీ!