ఎత్తు పెంచిన జీపు: కమానులు, షాక్ అబ్జార్బర్లు

ఎద్దుబండికి కమాను లేదు. చక్రము రాయి ఎక్కినచో బండియు ఎక్కును, చక్రము దిగినచో బండియు దిగును. కూర్చున్నవాని నడుము ఆ లెక్కయంతయు వ్రాసికొనును. తరువాత వచ్చిన జట్కాకు కమాను పెట్టిరి. కుదుపు తగ్గినది గాని ఊపు మొదలైనది. ఆ ఊపును అణచుటకై మోటారు బండికి అమర్చిన సాధనమే షాక్ అబ్జార్బరు. పేరును బట్టి అది కుదుపును మ్రింగునని పలువురు తలంతురు. కుదుపును మ్రింగునది కమాను. షాక్ అబ్జార్బరు చేయు పని, కమాను ఊగకుండ పట్టుకొనుట. పేరులోని ఈ పొరపాటు వలననే కర్మాగారములలో చాల డబ్బు వృథా అగుచున్నది.

గోదావరిపై భద్రాచలము వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకు పూర్వము ఏరు దాటుటకు పడవయే దిక్కు. వంతెన వెనుక మోటారు బండ్లు వచ్చినవి. నేడు చర్లకు, దుమ్ముగూడెమునకు, ఈవల గుండాల, కరకగూడెము వైపునకు తారు రోడ్లు కలవు. 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన చింతూరు, కూనవరము మండలములకును కలవు. కాని తారు రోడ్డు విడిచి, వాగు దాటి, కోయగూడెము చేరు ఆ చివరి నాలుగైదు మైళ్ళు ఇంకను పలుచోట్ల రాళ్ళ బాటలే. అచ్చట జీపు వినోద వాహనము కాదు. సంతకు జనమును, మిర్చి బస్తాలను మోయునది అదే. డోలీలో వాగు దాటించి తెచ్చిన గర్భిణిని ఆస్పత్రికి చేర్చునదియు అదే. ఆ బండి ఎట్లు ఊగును, ఎట్లు నిలుచును అను ప్రశ్న ఆ కుటుంబమునకు చిన్న ప్రశ్న కాదు.

ఈ ప్రాంతమున తిరుగు బండ్లలో పాత మహీంద్రా జీపులకు, 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి నాలుగు చక్రముల వద్దను పట్టీ కమానులే. బొలేరోకు, 2010 నాటి థార్‌కు వెనుక మాత్రము పట్టీలు. 2020లో వచ్చిన థార్‌కు, 2023లో వచ్చిన జిమ్నీకి నాలుగు వైపుల చుట్ట స్ప్రింగులే. రూపము వేరైనను సూత్రము ఒక్కటే. నేను ముఖ్యముగ పట్టీ కమానుల బండ్లను గూర్చియే చెప్పెదను.

వాగులోని బండలు క్రింద తగులుచున్నవని, ట్రాక్టరు గాడి నడుమ మిట్ట గీసికొనుచున్నదని యజమాని జీపు ఎత్తు పెంచగోరును. ముందుగా ఒక మాట. ఇరుసు గొట్టముతో కూడిన బండికి కమాను ఎత్తు పెంచినచో చట్రము లేచును గాని, ఇరుసు నడుమనున్న గుండు, అనగా డిఫరెన్షియల్ హౌసింగు, ఒక్క అంగుళము కూడ లేవదు. అది చక్రమును ఆధారము చేసికొని యున్నది. టైరు పెద్దదైనగాని అది పైకి రాదు. మిట్టకు గీసికొనునది ఆ గుండే ఐనచో కమాను పెంచుట వలన ప్రయోజనము లేదు. ఈ సంగతి తెలిసిన పిమ్మట పలువురు ఆ ఖర్చే మానుకొందురు, మానుకొనుటయే మేలు.

మానుకొనని వారికి దారులు రెండు. ఒకటి, ఉన్న కమానుకు వంపు పెంచుట, లేక ఎక్కువ వంపు గల క్రొత్త కమాను అదే బిగువులో తెప్పించుట. రెండవది, కట్టకు పట్టీలు చేర్చుట. ఈ రెంటికి బండి సమానముగనే లేవవచ్చును. కాని షాక్ అబ్జార్బరు దృష్టిలో ఇవి పూర్తిగా వేరు పనులు. ఎట్లన, శ్రోతలు కాగితము, పెన్సిలు తీసికొందురు గాక.

ఒక చక్రముపై బడు బరువు 300 కిలోలనుకొందము. కమాను ఒక్క సెంటీమీటరు దిగుటకు 20 కిలోల బరువు కావలెను. అనగా నిలిచియున్న బండి కింద ఆ కమాను 15 సెంటీమీటర్లు అణగియుండును. బరువునకు తగినంత సాగుట, అణగుట కమాను ధర్మమని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమము ఇదియే. ఇట్టి కమానుపై బండి సహజముగ నిమిషమునకు సుమారు 77 సార్లు ఊగును. ఇప్పుడు పట్టీలు చేర్చి బిగువును 20 నుండి 30 కిలోలకు పెంచితిమి. అణకువ 10 సెంటీమీటర్లకు తగ్గినది. బండి 5 సెంటీమీటర్లు, అనగా రెండు అంగుళములు లేచినది. యజమాని సంతోషించెను. కాని ఊపు నిమిషమునకు 95 సార్లైనది. బిగువు ఒకటిన్నర రెట్లు పెరిగినప్పుడు, ఊపును మునుపటివలె అణచుటకు షాక్ అబ్జార్బరు బలము దాని వర్గమూలమంత, అనగా 22 పాళ్ళు పెరుగవలెను. పాత షాకు దీనికి చాలదు. బండి రాతిపై పడిన ప్రతిసారి కమాను విసరివేయును. మొదటి దారిలోనో, బిగువు మారలేదు. షాకు బలము మార్చ నక్కరలేదు. దాని పొడవు మాత్రమే మార్చవలెను.

బలము అనగా నేమి? చల్ల చిలుకు ఇల్లాలికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కవ్వమును మెల్లగ త్రిప్పినచో పెరుగు అడ్డు చెప్పదు; వేగముగ త్రిప్పినకొలది ఎదురు తిరుగును. షాక్ అబ్జార్బరు గొట్టములో నూనె యుండును, అందొక పిస్టను తిరుగాడును, పిస్టనులో సన్నని రంధ్రములు, కవాటములు ఉండును. చక్రము ఎంత వేగముగ కదలిన నూనె అంత గట్టిగ అడ్డగించును. కమాను దాచిన శక్తి ఆ నూనెలో వేడిగ మారి గాలిలో కలిసిపోవును. సాధారణముగ పైకి లేచునప్పటి అడ్డు, క్రిందికి అణగునప్పటి అడ్డు కంటె రెండు మూడు రెట్లు ఎక్కువ యుండునట్లు చేయుదురు. ఏలయన అణగునప్పుడు కమాను తానే ఎదిరించును, లేచునప్పుడు దానిని పట్టువారు వేరొకరు లేరు.

ఐనచో ఎంత బలమైన షాకు వేసిన అంత మంచిదా? కాదు. లేచుటకు అడ్డు మరీ ఎక్కువైనచో, వరుస గుంతల బాటలో ఒక గుంత నుండి చక్రము పూర్తిగ దిగకమునుపే రెండవ మిట్ట వచ్చును. కమాను కొంచెము కొంచెముగ అణగిపోయి, కడకు బండి రబ్బరు దిమ్మెలపై నడచును. యజమాని షాకు మెత్తనైనదని తలచి ఇంకను గట్టిది తెచ్చును! మరొక సంగతి. పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుట వలన కొంత ఊపు తనంత తానే అణగును. ఎక్కువ పట్టీల తుప్పుపట్టిన కట్టకు ఇది ఎక్కువ. ఒకటి రెండు పట్టీల పారాబోలిక్ కమానుకు తక్కువ. చుట్ట స్ప్రింగునకు లేనే లేదు. కావున ఒక బండికి సరిపోయిన షాకు, చూచుటకు అట్టిదే యగు మరొక బండికి సరిపోవునని నమ్మరాదు.

ఇక పొడవు. నా అభిప్రాయమున ఎక్కువ నష్టము జరుగునది ఇచ్చటనే. మరల ఒక ఊహాలెక్క. నిలిచియున్న బండికి షాకు పై కన్ను నుండి క్రింది కన్ను వరకు 40 సెంటీమీటర్లు. చక్రము పూర్తిగ పైకి లేచి రబ్బరు దిమ్మెకు తగిలినప్పుడు 31. పూర్తిగ వ్రేలాడినప్పుడు 50. షాకు ముడిచిన పొడవు 30, సాగిన పొడవు 51 ఐనచో పొందిక సరిగ నున్నది. ఇప్పుడు బండిని 5 సెంటీమీటర్లు లేపితిమి. వ్రేలాడు పొడవు 55 కావలెను. పాత షాకు 51 వద్దనే ఆగును. అంతట ఇరుసు మొత్తము షాకుపై వ్రేలాడును. ఆ దెబ్బలకు కన్ను తెగును, లేదా చట్రముపై అతుకు చిట్లును.

సరియే, పొడవైన షాకు వేయుదమందురా? 56 వరకు సాగు షాకు, అదే నిర్మాణములో, ముడిచినప్పుడు సుమారు 32న్నర యుండును. రబ్బరు దిమ్మె తగులుట 31 వద్ద గదా. అనగా దిమ్మె తగులక మునుపే షాకు లోపల అడుగు ముట్టి, బండి బరువంతయు పిస్టను కడ్డీపై పడును. కావున రబ్బరు దిమ్మెను కూడ మూడు సెంటీమీటర్ల మేర దింపవలెను. ఎత్తు పెంచిన బండికి కమాను, షాకు, దిమ్మె మూడును కలిసి మారవలెను. ఇందులో రెంటిని మార్చి మూడవదానిని విడిచిన బండ్లే ఎక్కువ కనబడుచున్నవి.

కొందరు పొడవు చాలలేదని షాకును ఏటవాలుగ బిగింతురు. నిలువునకు 30 డిగ్రీల వాలు ఇచ్చినచో దాని బలములో ముప్పాతిక మాత్రమే పనికి వచ్చును. 45 డిగ్రీలైనచో సగమే. కొనినది మంచి షాకే, పనిచేయునది సగము షాకు.

నూనె మాటయు కొంత చెప్పవలెను. రాళ్ళ బాటలో గంటసేపు ఎడతెగక నడచినచో నూనె కాగి, గాలితో కలిసి, చిలికిన చల్లవలె నురుగెత్తును. నురుగు అడ్డు చెప్పలేదు. ప్రొద్దున బాగుగ నడచిన బండి వాగు దాటి మిట్ట ఎక్కునప్పటికి పడవవలె ఊగుట ఇందువలననే. దీనికి మందుగ నూనెపై నైట్రోజను వాయువు ఒత్తిడి యుంచు పద్ధతి వచ్చినది. ఫ్రెంచి ఇంజనీరు డి కార్బన్ 1950 దశాబ్దములో దీనిని వ్యాప్తికి తెచ్చెను. ఒంటి గొట్టపు గ్యాసు షాకు త్వరగ చల్లబడును గాని, దాని గొట్టమునకు రాయి తగిలి సొట్ట పడినచో పిస్టను పట్టివేయును. జంట గొట్టపు షాకు అట్టి సొట్టను కొంత ఓర్చుకొనును. మన బాటలకు జంట గొట్టములో గ్యాసు నింపినదే ఉచితమని నాకు తోచుచున్నది.

ఆ గర్భిణి సంగతికి వచ్చెదను. సంతనాడు పన్నెండుమందిని, బస్తాలను మోయుటకు యజమాని వెనుక కట్టకు రెండు పట్టీలు చేర్చును. ఆ రాత్రి అదే బండి డ్రైవరు గాక ముగ్గురితో ఆస్పత్రికి బయలుదేరును. బరువు లేని బండి క్రింద ఆ కమాను ఇనుప దూలమే. రాయి తగిలినప్పుడెల్ల వెనుక భాగము ఎగిరి పడును. వెనుక పడుకొనియున్నది ఆమెయే. కట్టలో పట్టీలు చేర్చుటకు బదులు, బరువు పడినప్పుడు మాత్రమే అందుకొను హెల్పరు పట్టీని అడుగున అమర్చినచో ఖాళీ బండి మెత్తగ నడచును, నిండు బండి నిలుచును. దీనికి తోడు బిగువు మార్చుకొనదగిన షాకులు దొరకుచున్నవి. మీట త్రిప్పుట రెండు నిమిషముల పని. ఈ మార్పునకు ఎత్తుతో సంబంధము లేదు. ఆ కుటుంబములకు ఉపకరించునది ఎత్తు కంటె ఇదియే ఎక్కువ.

ఎత్తు పెరిగిన కొలది బండి గురుత్వ కేంద్రము లేచును. టాపుపై జనము కూర్చున్న జీపు వాగు గట్టున ప్రక్కకు వాలినప్పుడు రెండు అంగుళముల తేడాయే ప్రాణముల తేడా కావచ్చును. చట్టమును ఊరక యుండలేదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు దీనిని ధ్రువపరచినది. కావున పాడైన కమానును, షాకును అసలు కొలతలకు తెచ్చుటకే నేను చెప్పిన లెక్కను ముందుగ వాడుడు. కిన్నెరసాని అభయారణ్యమున బాట విడిచి తోలుటకు ఎంత ఎత్తు బండికైనను అనుమతి లేదు.

పని చేయించువారు కొన్నిటిని దగ్గర నిలిచి చూడవలెను. కమానును కొలిమిలో కాచి వంపు పెంచుట చౌక పని; కాచిన ఉక్కు పదును పోయి నెలలలో మరల చదునగును. ఇరుసుకు, కమానుకు నడుమ ఇనుప దిమ్మె పెట్టుట ముందు చక్రములకు ఎన్నడును తగదు. బండి లేచిన తరువాత బ్రేకు రబ్బరు గొట్టము వ్రేలాడు చక్రము వద్ద బిగుసుకొనుచున్నదేమో చూడుడు. బిగుసుకొనినచో బండిని రోడ్డెక్కనీయకుడు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణము పెరిగి క్రాసులు కొట్టుకొనుచున్నవేమో వినుడు.

షాకు పనిచేయుచున్నదా అను పరీక్ష సులభము. మూల నొక్కి వదలు పద్ధతి బిగువైన కమానులకు అంతగ పనికిరాదు. రాళ్ళ బాటలో అరగంట నడచి ఆగి, నాలుగు షాకులకు చేయి మెల్లగ దగ్గరకు తెచ్చి చూడుడు. పనిచేసినది వెచ్చగ నుండును. మూడు వెచ్చగ నుండి ఒకటి చల్లగ నున్నచో ఆ చల్లనిదే చెడినది. గొట్టముపై నూనె చెమ్మకు దుమ్ము ముద్దగ అంటియున్నచో అదియు మార్చదగినదే. మార్చునప్పుడు ఆ ఇరుసు మీది రెంటిని కలిపి మార్చవలెను.

రబ్బరు బుష్షుల బోల్టులను బండి నాలుగు చక్రములపై నిలిచిన తరువాతనే కడపటి బిగింపు బిగించవలెను. జాకీపై నుండగ బిగించినచో రబ్బరు మెలిపడి త్వరలో చీలును. పాత యు బోల్టులను తిరిగి వాడక, క్రొత్తవి వేసి, రెండు మూడు వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల ఒకసారి బిగించుకొనుడు.