ఇంజను బెల్టు నింట మార్చుకొనుట



ముప్పదియైదేండ్లు బడిలో బాలురకు శబ్దములును, సంధులును, ఛందస్సును బోధించినవాడు మోటారుకారు బెల్టును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. నాకును వింతయే. గుణమను శబ్దమునకు మంచి లక్షణమనియు, త్రాడనియు రెండర్థములు గలవని పిల్లలచేత వల్లె వేయించినవాడను. ఆ రెండవ యర్థమును మాత్రము ఒక రాత్రి కాలువగట్టుమీద నేర్చుకొంటిని.

నాకొక పాత అంబాసిడరు కారు కలదు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినను, మా యూరిలో నిది యింకను తిరుగుచునే యున్నది. ఒక వర్షాకాలమున ఉదయము ఇంజను నడిపింపగానే కీచుమని యొక ధ్వని వెలువడి, రెండు నిమిషములలో నణగిపోవుచుండెను. అణగినది గదా యని నేను లెక్కసేయలేదు. నెల గడచినది. ఒకనాటి రాత్రి నా భార్యకు గుండెలో నొప్పి పుట్టినది. ఆమెను వెనుక సీటులో బరుండబెట్టి, 18 కిలోమీటర్ల దూరముననున్న పట్టణమునకు బయలుదేరితిని. సగము దారిలో టప్పుమని ధ్వని యయ్యెను. నా యెదుట ఎఱ్ఱదీపము వెలిగెను. “ఏమండీ, ఏమయినది?” అని యామె యడిగెను. “ఏమియు లేదు” అని బండిని ముందునకే పోనిచ్చితిని. మఱి 3 కిలోమీటర్లు పోవునప్పటికి ఆవిరి పైకి జిమ్మినది, ఇంజను నిలిచిపోయినది. ఆ చీకటిలో 45 నిమిషములు నిలిచిన పిమ్మట, కూరగాయల వ్యానువాడొకడు దయతో నామెను ఆసుపత్రికి జేర్చెను. దైవానుగ్రహమున నామె నేడు క్షేమముగా నున్నది. ఇంజను మాత్రము కాలి చెడినది.

దానిని బాగుచేసిన మెకానిక్కు నా పూర్వశిష్యుడే. తెగిన బెల్టు ముక్కను నా చేతిలో బెట్టి, “బండి నెల్లాళ్లనుంచి మొత్తుకుంటూనే ఉంది మాస్టారూ, మీరే వినిపించుకోలేదు” అనెను. వినని పిల్లలను బెంచీ యెక్కించినవాడను, ఆనాడు తలవంచుకొంటిని. ఆ పని తనవద్దనే నేర్చుకొంటిని.

బెల్టు చేయు పని యేమి? రాట్నము నెఱుగనివారు మీలో లేరు. పెద్దచక్రము తిరిగినపుడు నడుమనున్న త్రాడు కదురును ద్రిప్పును. కారులోను అంతియే. ఇంజను తిరుగుచుండగా దాని ముందుకప్పి యొక బెల్టును లాగును. ఆ బెల్టు నీటిపంపును, దానికి బిగించిన ఫ్యానును, బ్యాటరీకి విద్యుత్తు నిచ్చు ఆల్టర్నేటరును ద్రిప్పును. కావున బెల్టు తెగినచో రెండు కీడులొక్కసారి వచ్చును. విద్యుత్తు పుట్టదు; ఎఱ్ఱదీపము చెప్పునది యిదియే. నీరు తిరుగదు, ఇంజను కాగిపోవును. ఆ దీపము వెలిగి, వేడిముల్లు పైకి బోవుచున్నచో, ఎంత తొందర పనియున్నను బండిని వెంటనే ఆపవలెను. నేను చేసిన తప్పు అదియే.

ఈ బెల్టు అడ్డముగా కోసినచో ఆప్పు చెక్కవలె, పైన వెడల్పుగను క్రింద సన్నముగను ఉండును. 1917లో జాన్ గేట్స్ అను అమెరికా దేశస్థుడు రబ్బరుతో దీనిని కల్పించెను. దీని బలము లోపలి దారములయందున్నది, పట్టు ప్రక్కలయందున్నది. అరిగి కప్పిగాడి యడుగునకు దిగిన బెల్టు జారును. అంచులు అద్దమువలె మెఱసినను, అడుగున బీటలు వారినను, నూనె తగిలి ఉబ్బినను మార్చవలసినదే. బియ్యపు మరలలో తోలుబెల్టు జారినచో గుగ్గిలము చల్లుట మీరెఱుగుదురు. ఇచ్చట ఆ చికిత్స పనికిరాదు.

ఇక మార్చు విధము. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారనిండు. తాళపుచెవిని తీసి జేబులో వేసికొనుడు. బ్యాటరీ ఋణపు తీగను విప్పుడు. ఉత్తరీయమును తీసి ప్రక్కన బెట్టి, పంచెను బిగించి కట్టుడు. తిరుగు కప్పి కొసను బట్టినచో మనిషినే లాగును. ఆల్టర్నేటరును బట్టియుంచు బోల్టులను, సవరింపు పట్టీ బోల్టును పానాతో సడలింపుడు; ఊడదీయ నక్కరలేదు. ఆల్టర్నేటరును ఇంజనువైపునకు నెట్టినచో బెల్టు వదులగును. దానిని ఫ్యాను రెక్కలమీదుగా ఒక్కొక్కటిగా దాటించి తీయుడు. క్రొత్త బెల్టు పొడవును వెడల్పును పాతదానితో సరిచూచి, అదే త్రోవన ఎక్కింపుడు. ఎక్కనిచో స్క్రూడ్రైవరుతో మీటకుడు. లోపలి దారములు తెగును. ఆల్టర్నేటరును ఇంకను లోనికి నెట్టుడు.

బిగింపులోనే నేర్పున్నది. ఆల్టర్నేటరును వెలుపలికి లాగిపట్టి బోల్టులు బిగింపుడు. రెండు కప్పుల నడుమ పొడవైన భాగమును బొటనవ్రేలితో నొక్కినచో అరయంగుళము, అనగా 13 మిల్లీమీటర్లు, దిగవలెను. అంతకు మించి దిగినచో జారి కీచుమనును. దిగకున్నచో పంపుయొక్కయు ఆల్టర్నేటరుయొక్కయు బేరింగులు చెడును. వీణతంత్రి కిదియే న్యాయము. క్రొత్త బెల్టు కొంత సాగును గనుక వారము దినముల తరువాత మరల నొకసారి నొక్కి చూడవలెను.

మన చేయి ఆగవలసిన చోటుకూడ కలదు. 1979లో ఫోర్డు మస్టాంగు కారులో వచ్చిన పొడవైన సర్పాకారపు బెల్టు నేటి కార్లలో తఱచు కాననగును. అది పెక్కు కప్పుల నడుమ మెలికలు తిరుగును. బిగింపును స్ప్రింగు చూచుకొనును. త్రోవను ముందుగా కాగితముపై గీసికొనక దానిని తీయరాదు. మఱి మారుతి 800 వంటి కార్లలో, ఇంజను ప్రక్క మూతలో, పండ్లు గల బెల్టు వేఱొకటి యుండును. అది వాల్వులు తెఱచుకొను వేళను నియమించును. ఒక్క పన్ను తప్పిపెట్టినను ఇంజను సరిగా నడవదు. పెక్కు ఇంజనులలో అది తెగినచో పిస్టను వాల్వులను గుద్దును. ఆ పని మెకానిక్కునకే విడువుడు. చేయదగినది చేయుటయు, చేయరానిది మానుటయు రెండును విద్యయే.

నేడు నా కారు డిక్కీలో ఒక క్రొత్త బెల్టును, తగిన పానాలును ఎల్లప్పుడు నుండును. అమావాస్యనాడు బండికి నిమ్మకాయ కట్టువారు మన పల్లెలలో పెక్కండ్రు గలరు. వలదనను. కట్టుచున్నపుడే మూత యెత్తి ఆ బెల్టునుగూడ ఒకసారి చూడుడు. ఉదయమున కీచుమన్నచో వినుడు. మీ యింటివారిని అర్ధరాత్రి కాలువగట్టుమీద నిలుపవలసిన యవస్థ మీకు కలుగకుండుగాక.

సెలవు.